కొంగలపాడు లంక బ్రాడ్‌బ్యాండ్ లైను

ఏలూరు గ్రామీణ సబ్ డివిజన్‌కు సబ్ డివిజనల్ ఇంజనీరుగా నేను బదిలీ మీద చేరింది ఒక జూన్ నెల మొదటి వారంలో. టెలిఫోన్ తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం పట్నాల్లో అప్పటికే నలిగిన పని. కొల్లేటి వైపు ఊళ్ళకు మాత్రం అప్పుడప్పుడే చేరుతోంది. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోనూ ఉన్నాయి గాని వాటిలో మాటలు, పొట్టి సందేశాలు తప్ప బొమ్మ కదిలేది కాదు. ఇంట్లో ఇంటర్నెట్ కావాలంటే గోడకున్న టెలిఫోన్ లైనే దిక్కు.

మా స్వస్థలం అత్తిలి. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను డిప్లొమా చదివి మా టెలిఫోన్ సంస్థలో జూనియర్ హోదాలో చేరి, శాఖాపరమైన పరీక్ష రాసి ఆ స్థాయికి వచ్చాను. నా పైన ఏలూరులో డివిజనల్ ఇంజనీరు ఉండేవారు. ఆయన్ని అందరం డీఈ గారు అనేవాళ్ళం. నా కింద చిన్న చిన్న ఊళ్ళ ఎక్స్చేంజీలు, వాటిని చూసుకునే లైన్‌మెన్. ఎక్స్చేంజి అంటే పెద్ద భవనం అనుకోనక్కర్లేదు. రెండు గదుల ఇల్లు. లోపలి గదిలో పరికరాలు, బ్యాటరీలు. బయటి గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, తీగల చుట్టలు, ఒక నిచ్చెన.

ఈ బ్రాడ్‌బ్యాండ్ సంగతి కొంచెం చెప్పాలి. తీగ పాతదే, ఇంటి ఫోనుకు ఏనాడో వేసిన రాగి తీగల జత. మనిషి గొంతు ఆ తీగలో అడుగున కొద్దిపాటి చోటే తీసుకుంటుంది. దాని పైన బోలెడు చోటు ఖాళీగా పడి ఉంటుంది. ఆ ఖాళీలో డేటా నడిపించడమే ఈ పద్ధతి. ఇంట్లో స్ప్లిటర్ అనే చిన్న డబ్బా పెట్టి గొంతును ఫోనుకూ, డేటాను మోడెమ్‌కూ విడదీస్తాం. అయితే ఆ ఖాళీని సమానంగా పంచరు. గొంతుకు ఆనుకుని ఉన్న ఇరుకు భాగం ఇంట్లోంచి బయటికి పోయేదానికి, ఆ పైనున్న వెడల్పాటి భాగం బయటి నుంచి ఇంట్లోకి వచ్చేదానికి. జనం తెచ్చుకునేది ఎక్కువ, పంపేది తక్కువ అనే లెక్క మీద చేసిన పంపకం అది. నా అనుభవంలో ఆ లెక్క చాలావరకు నిజమే. ఒక్క ఇంటి విషయంలో మాత్రం కుదరలేదు.

ప్రతి సోమవారం డీఈ గారి దగ్గర ఫిర్యాదుల సమీక్ష జరిగేది. ఆగస్టులో ఒక సోమవారం నా జాబితాలో కొంగలపాడు లంక నంబరు మళ్ళీ కనిపించింది. అంతకు ముందే రెండుసార్లు వచ్చిన ఫిర్యాదు. రెండుసార్లూ మూసేశారు. మూసిన కారణం ఒకటే: లైన్ పరీక్షించాం, డయల్ టోన్ ఉంది, నిర్ధారణకు ఫోన్ చేస్తే వినియోగదారు ఎత్తలేదు. పద్ధతి ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. మరమ్మతు అయ్యాక లైన్‌మన్ ఆ నంబరుకు ఫోన్ చేసి బాగుందా అని అడగాలి. ఎత్తకపోతే ఆ మాట రాసి మూసెయ్యవచ్చు.

ఈసారి మాత్రం ఆ ఫిర్యాదు తనే నడుచుకుంటూ నా ఆఫీసుకు వచ్చింది. డెబ్బై ఏళ్ళ ఆచార్యులు గారు, ఆయన వెనక ముప్పై దాటిన స్త్రీ. ఆయన నుదుట తిరునామం, భుజాన తడి ఆరని కండువా. బయట వాన పడుతోంది.

"నమస్కారమమ్మా. కొంగలపాడు లంక నించి వచ్చాం. అక్కడి కోవెల్లో అర్చకత్వం నాది. ఇది మా అమ్మాయి వకుళ. దీనికి వినపడదు, మాట రాదు. అల్లుడికీ అంతే. మనవరాలికీ అంతే" అన్నారు.

కూర్చోమని చెప్పి, కంప్యూటర్‌లో నంబరు తీసి చూశాను. కనెక్షన్ వకుళ పేరు మీదే ఉంది.

"అవునమ్మా" అన్నారాయన. "దరఖాస్తు పెట్టినప్పుడు కౌంటర్లో అబ్బాయి నవ్వాడు. వినపడని మనిషికి ఫోనెందుకండీ అన్నాడు. దానికే కావాలి నాయనా అన్నాను."

ఫిర్యాదు ఎందుకు మూతపడుతోందో అక్కడే అర్థమైంది. పగలు ఆయన కోవెల్లో ఉంటారు. అల్లుడు మురళి తాడేపల్లిగూడెంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తూ శనివారం సాయంత్రం ఇంటికి వస్తాడు. మిగతా రోజులు ఇంట్లో ఉండేది వకుళ ఒక్కతే. మా లైన్‌మన్ చేసిన ఫోన్ ఆమె పక్కనే మోగి మోగి ఆగిపోయింది.

వకుళ బల్ల మీద రెండు వేళ్ళతో తట్టి తండ్రిని తనవైపు తిప్పుకుంది. ఆమె చేతులు వేగంగా కదిలాయి. నాకు ఒక్క ముక్క తెలియలేదు గాని, అడగవలసినది ఆయన సరిగ్గా అడగడం లేదని ఆమె విసుక్కుంటోందని మాత్రం తెలిసింది.

"ఏవంటోందంటే అమ్మా," అన్నారు ఆచార్యులు గారు, "మాకు పాప బానే కనపడుతోంది. పాపకే మేం కనపట్టం లేదు, ఆ మాట చెప్పు అంటోంది."

పాప పేరు గోద. ఏడేళ్ళు. ఆ జూన్‌లోనే విశాఖపట్నంలో వినపడని పిల్లల బడిలో చేర్చారు. హాస్టల్లో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం వార్డెన్ గదిలోని కంప్యూటర్ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, ఇంట్లో కెమెరా ఉన్నవాళ్ళతో సైగల్లో మాట్లాడిస్తారు. ప్రెస్సు యజమాని తన పాత కంప్యూటర్ మురళికి ఇచ్చాడు. కెమెరా వీళ్ళు కొనుక్కున్నారు. ఉత్తరం రాయడానికి పాప ఇంకా అక్షరాలు కూడబలుక్కునే తరగతి. ఫోనులో మాటలా, ఇద్దరికీ వినపడదు. ఆ ఆదివారం ముఖాముఖీ తప్ప తల్లికీ కూతురికీ మరో దారి లేదు.

"వార్డెనమ్మ గారు ఫోన్ చేశారమ్మా. పిల్ల సరిగ్గా తినట్లేదు, తోటి పిల్లల్తో కలవట్లేదు, దసరా సెలవుల్లోగా కుదురుకోకపోతే తీసుకెళ్ళిపొండి అన్నారు. నన్నడిగితే రేపే వెళ్ళి తెచ్చేద్దామంటాను. ఇది పడనివ్వదు." ఆయన గొంతు తగ్గించారు, ఆమెకు వినపడదని తెలిసి కూడా. "దీన్నీ చిన్నప్పుడు హాస్టల్లో వేశానమ్మా. బెంగ పెట్టుకుందని నేనే వెళ్ళి తెచ్చేసుకున్నాను. మళ్ళీ పంపడానికి మనసొప్పలేదు. నాలుగో తరగతితో ఆగిపోయింది."

వకుళ ఆయన పెదవుల వైపే చూస్తోంది. ఆ మాటలు ఆమెకు అందాయి. కుడి అరచేతిని బల్ల మీద అడ్డంగా కోసినట్టు కదిపింది. దానికి అర్థం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ మాట అయిపోయింది, ఈసారి అలా జరగదు అని.

ఆదివారం నేనే వస్తానని చెప్పి పంపాను. ఆదివారం సెలవు. కాని లోపం ఎప్పుడు కనపడుతుందో అప్పుడే చూడాలి. లైన్‌మన్ వీర్రాజును కూడా రమ్మన్నాను. వీర్రాజుకు ఆ చుట్టుపక్కల ప్రతి స్తంభం తెలుసు. పనిమంతుడే గాని సెలవురోజు పిలిచినందుకు ముఖం ముడుచుకుని వచ్చాడు.

కొంగలపాడులో ఎక్స్చేంజి ఉంది. లంక అక్కడికి నాలుగు కిలోమీటర్లు. రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులే. నీళ్ళలో వెదుళ్ళు పాతి, వాటికి మేత సంచులు వేలాడదీసి ఉంటాయి. ప్రతి వెదురు మీదా ఒక పక్షి. ఇళ్ళ మధ్యకు వచ్చేదాకా మట్టి కంటే నీరే ఎక్కువ కనిపిస్తుంది.

ఇంట్లో వీర్రాజు మొదట ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "డయల్ టోన్ ఉందండి మేడం. కొంచెం గుర్రుమంటోంది గాని మాట బానే వినబడుద్దండి" అన్నాడు. నేను కూడా విన్నాను. అతను చెప్పింది నిజమే. మామూలు ఇంట్లో అయితే ఆ గుర్రు గురించి ఎవరో ఒకరు ఎప్పుడో చెప్పి ఉండేవారు. ఆచార్యులు గారు ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసే మనిషి. మిగతా ఇద్దరికీ ఆ చప్పుడు లేనే లేదు.

తర్వాత పాప తెర మీదకు వచ్చింది. రెండు జడలు, నీలం గౌను. ఇటువైపు బొమ్మ తేటగానే ఉంది. పాప చేతులు కదుపుతుంటే వేలు వేలూ కనిపిస్తోంది. వకుళ, మురళి కెమెరా ముందు పక్కపక్కన కూర్చుని బదులు చెప్పారు. పాప కళ్ళు చికిలించింది. మెడ ముందుకు చాచింది. పిడికిలి విప్పి తనవైపు లాక్కున్నట్టు సైగ చేసింది. "మళ్ళీ చెప్పమంటోంది" అన్నారు ఆచార్యులు గారు. వకుళ మళ్ళీ చెప్పింది, నెమ్మదిగా, చేతులు పెద్దగా ఊపుతూ. పాప మళ్ళీ అదే సైగ. నాలుగైదుసార్లు అయ్యాక పాప ముఖం పక్కకు తిప్పేసుకుంది. వినపడే మనిషి చెవులు మూసుకున్నా కొంత వినపడుతుంది. వాళ్ళ భాషలో ముఖం తిప్పుకుంటే ఇక ఏ మాటా చేరదు. వకుళ తెర మీద వేలితో తట్టింది, పాప తిరుగుతుందేమోనని. వార్డెన్ చెయ్యి వచ్చి పాప భుజం మీద పడింది. తర్వాత బొమ్మ ఆగిపోయింది.

మురళి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వీర్రాజు నా వైపు చూసి, "లైను ఓకే అని రాసేశానండి రెండుసార్లు" అన్నాడు. నేను మోడెమ్‌లో అంకెలు చూశాను. ఇంట్లోకి వచ్చే వేగం తీసుకున్న ప్లానుకు తగ్గట్టే ఉంది. బయటికి పోయే వేగం పేరుకే ఉంది. ఎక్కడో తీగకు తడి తగిలి గుర్రు పుడుతోంది. ఆ గుర్రు గొంతు పక్కనున్న ఇరుకు భాగంలోకి పొర్లుతోంది. పైనున్న వెడల్పాటి భాగానికి దాని దెబ్బ అంతగా లేదు. అందుకే పాప వీళ్ళకు కనిపిస్తోంది, వీళ్ళు పాపకు కనిపించడం లేదు. బొమ్మ పూర్తిగా రాకపోయినా వినపడేవాళ్ళు గొంతుతో సర్దుకుంటారు. ఇక్కడ బొమ్మే గొంతు.

మర్నాడు తీగల ఇన్సులేషన్ పరీక్ష చేశాం. జతలో ఒక తీగ నేలకు కరెంటు వదిలేస్తోంది. దూరం కొలిచే మీటరు పెడితే లోపం ఎక్స్చేంజికీ లంకకూ నడుమ ఒక చేపల చెరువు దగ్గర తేలింది. కేబులు ఆ చెరువు గట్టు కింద పోతోంది. అదే కేబుల్లో ఖాళీగా ఉన్న జతలు ఒక్కొక్కటీ మార్చి చూశాం. అన్నీ ఆ తడిలోంచి వచ్చేవే కాబట్టి తేడా రాలేదు.

చెరువు కౌలుకు చేస్తున్నది సుబ్బారావు గారు. గట్టు మీద పాకలో మంచమేసుకుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి కుర్చీ వేయించి, కొబ్బరిబొండాలు కొట్టించారు. విషయం చెప్పాను.

"గట్టు కింద మీ తీగుందని నాకేం తెల్సండీ" అన్నారు. "కిందటేడు గట్టు వెడల్పు చేస్తుంటే పొక్లెయిన్‌కి తగిలి తెగింది. అప్పుడు తెలిసింది. మీవాళ్ళొచ్చేలోగా మావాళ్ళే ముడేసి, ప్లాస్టిక్ కవరు చుట్టి పూడ్చేశారు. ఫోన్లు పన్జేశాయి. మా పాక ఫోనూ దాని మీదే కదండీ. ఇంకెవరూ ఏం అన్లేదు."

ఆ ముడి ఇప్పుడు నీటి మట్టానికి కింద, కొత్తగా పోసిన మట్టి లోపల ఉంది. అది తవ్వి తీసి మళ్ళీ జాయింటు చెయ్యాలని చెప్పాను.

సుబ్బారావు గారు తల అడ్డంగా ఊపారు. "మీరు ఎన్నైనా చెప్పండి, ఇప్పుడు మాత్రం తవ్వనివ్వనండి. మీకు కాదని కాదు. మట్టి ఇంకా గట్టిపళ్ళేదు. నిలువెత్తు నీళ్ళున్నాయి లోపల. ఒక జానెడు సందు చేస్తే చాలు, పొద్దున్నకల్లా గట్టుండదు. అవతలేముందో చూడండి." అవతల వేరేవాళ్ళ వరి. నాట్లు వేసి నెలైంది. "కార్తీకం వెళ్ళాక చేపల పట్టుబడి ఉంది. నీళ్ళు తీసేస్తాం. అప్పుడు మీ ఇష్టం వచ్చినట్టు తవ్వుకోండి, నా పొక్లెయిన్ నేనే ఇస్తాను."

తిరిగివచ్చి డీఈ గారికి చెప్పాను. కేబులు మనది, దాన్ని బాగుచేసుకునే హక్కు మనకుంది, నోటీసిచ్చి పని మొదలుపెట్టండి అన్నారాయన. హక్కు ఉన్న మాట నిజం. కాని గట్టు నేను చూసి వచ్చాను. నీళ్ళున్నంతకాలం అక్కడ తవ్వడం క్షేమం కాదని నా అభిప్రాయం చెప్పాను. స్తంభాలు పాతి చెరువును చుట్టి కొత్త తీగ లాగాలంటే అంచనా వెయ్యాలి, మంజూరు కావాలి, స్తంభాలు స్టోర్సు నుంచి రావాలి. అదంతా అయ్యేసరికి కార్తీకం ఎలాగూ వెళ్ళిపోతుంది. దసరా అంతకంటే ముందే వస్తుంది.

డీఈ గారు కఠినుడు కాదు. పద్ధతి మనిషి. "అయితే ఏం చేద్దామంటారు?" అన్నారు.

లైను బాగుపడేదాకా వాళ్ళ కంప్యూటరు, మోడెమ్ ఎక్స్చేంజికి తెచ్చుకోమందామన్నాను. వాళ్ళ నంబరు లోపలి గదిలోని తీగల చట్రం దగ్గరే తీసుకుని, బయటి గదిలోకి పది అడుగుల తీగ లాగితే చాలు. చెరువు, గట్టు, ముడి ఏమీ దారిలో ఉండవు. ఇందులో పద్ధతి కూడా ఉంది. లోపం ఇంట్లో ఉందా, కేబుల్లో ఉందా అని తేల్చుకోవడానికి వినియోగదారు మోడెమ్‌ను ఎక్స్చేంజిలోనే పెట్టి చూడటం మేము చేసే పరీక్షల్లో ఒకటి.

"పరీక్ష ఒక్కసారి చేస్తారు" అన్నారు డీఈ గారు. "ప్రతి ఆదివారం చెయ్యరు."

"అవునండి" అన్నాను. "ప్రతి ఆదివారానికి మీ అనుమతి అడుగుతున్నాను."

లోపలి గదిలోకి బయటివాళ్ళు అడుగు పెట్టకూడదు, మా మనిషి ఒకరు ఉండి తీరాలి, కార్తీకం తర్వాత ఒక్క వారం కూడా పొడిగించకూడదు అని ఆయన మూడు షరతులు పెట్టి ఒప్పుకున్నారు. ఆ మనిషి ఎవరన్నదే చిక్కు. ఆదివారం డ్యూటీ వెయ్యడం నాకు ఇష్టం లేదు. వీర్రాజును అడిగాను. "ఆదివారం మా ఇంటిదాన్ని గూడెం తీసుకెళ్తానని మాటిచ్చానండి" అని గొణిగాడు. తర్వాత తనే, "పాప మొహం తిప్పేస్కుంటే చూళ్ళేకపోయానండి. తాళం నేను తీస్తాను. వారం మధ్యలో ఒక పూట వదిలేయండి చాలు" అన్నాడు. ఒక వారం అతను, ఒక వారం నేను అనుకున్నాం.

మొదటి ఆదివారం ఇద్దరం ఉన్నాం. ఆటో వచ్చి ఆగింది. అప్పట్లో మానిటర్లంటే పెట్టెల్లా ఉండేవి. ఆచార్యులు గారు దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని దిగారు. మురళి చేతిలో మిగతా భాగం, వకుళ చేతిలో కెమెరా, కీబోర్డు. వీర్రాజు తీగలు కలిపాడు. మోడెమ్ దీపం ఆకుపచ్చగా నిలిచింది. అంకెలు చూశాను. బయటికి పోయే దారి పూర్తిగా తెరుచుకుంది.

పాప తెర మీదకు వచ్చింది. కూర్చోవడమే ముఖం సగం పక్కకు పెట్టి కూర్చుంది. వకుళ చెయ్యి ఎత్తి పలకరించింది. పాప కళ్ళు మెల్లగా ఇటు తిరిగాయి. కుర్చీలోంచి లేచి కెమెరాకు ఎంత దగ్గరగా వచ్చిందంటే తెరంతా ఆమె నుదురే కనిపించింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఏదో అడిగింది.

ఆచార్యులు గారు నాకోసం అంతదాకా ప్రతిదీ పైకి చెబుతున్నారు. అక్కడ ఆగిపోయారు.

"ఏమంటోందండీ?" అన్నాను.

"చేతులు చూపించమంటోందమ్మా. ముందూ వెనకా."

వకుళకు అర్థం కాలేదు. అయినా రెండు చేతులూ కెమెరా ముందు చాపింది. అరచేతులు చూపించి, తిప్పి వెనక వైపు చూపించింది. పాప ఇంకా ఏదో చెప్పింది. వకుళ ఒక్కొక్క వేలే ముడిచి, ఒక్కొక్క వేలే విప్పింది. తర్వాత మురళి వంతు. అతని చేతులూ పాప అలాగే పరీక్షించింది.

"నొప్పి తగ్గిందా అంటోంది" అన్నారు ఆచార్యులు గారు. "ఇన్నాళ్ళూ దీని వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టూ, చెయ్యి సగంలో ఆగిపోయినట్టూ కనపడేదటమ్మా. అమ్మ చేతులకేదో జబ్బు చేసింది, నాన్నకీ అంటుకుంది, నాకు చెప్పకుండా దాస్తున్నారు అనుకుందట."

అప్పటిదాకా అందరం ఆ పిల్లది ఇంటి బెంగ అనుకున్నాం. వార్డెన్ అనుకున్నారు, తాతగారు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఫోనులో తల్లి గొంతు గరగరలాడితే వినపడే పిల్ల లైను బాగాలేదనుకుంటుంది. ఆ మాట ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. సరిగ్గా కనిపించని లైను మీద చెప్పినా చేరేది కాదు. ఇంటినుంచి కబురు చేర్చాలని మేమిచ్చిన తీగే, వారం వారం ఒక భయాన్ని మోసుకెళ్ళి ఆ పిల్ల ముందు పెట్టింది.

వకుళ ఏడవలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని చాలాసేపు చెప్పింది. లైను గురించీ, చెరువు గురించీ, తీగకు తడి తగలడం గురించీ చెబుతోందని ఆచార్యులు గారు అన్నారు. చేప సైగ మాత్రం నాకూ తెలిసింది. ఒక చోట పాప నవ్వింది. మురళి వీర్రాజును చెయ్యి పట్టుకుని కెమెరా ముందుకు లాక్కొచ్చి, తీగ కలిపింది ఈయనే అని చూపించాడు. వీర్రాజు ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. పాప తిరిగి దణ్ణం పెట్టింది.

ఆ వారం నుంచే పాప అన్నం తినడం మొదలుపెట్టిందని రాస్తే అబద్ధమవుతుంది. బెంగ కూడా కొంత ఉంది. రెండు మూడు వారాలు పట్టింది. దసరా సెలవులకు ఇంటికి వచ్చింది. సెలవులయ్యాక బస్సెక్కేటప్పుడు ఏడ్చిందట. తాతగారు పంపడం మానేద్దామని ఇంకోసారి అన్నారట. వకుళ సంచీ భుజాన వేసుకుని ముందుగా తనే బస్సెక్కి కూర్చుందని, ఇక మాట్లాడటానికేముందని ఆయనే నాకు చెప్పారు. తీసుకెళ్ళిపొమ్మన్న మాట వార్డెన్ మళ్ళీ ఎత్తలేదు.

కార్తీకం వెళ్ళాక ఒక ఉదయం సుబ్బారావు గారు ఫోన్ చేశారు. "నీళ్ళు తీసేశామండి. రండి" అన్నారు. అన్నమాట ప్రకారం పొక్లెయిన్ ఇచ్చారు. గట్టు అడుగున ముడి దొరికింది. ప్లాస్టిక్ కవరు లోపల తీగలు పచ్చగా చిలుముపట్టి, ముట్టుకుంటే విరిగిపోయేలా ఉన్నాయి. ఆ ముక్క తీసేసి కొత్త కేబులు పైపులో పెట్టి, ఈసారి గట్టు పైన, నీటికి అందకుండా వేశాం. ఇన్సులేషన్ పరీక్ష బాగా వచ్చింది. ఆ ఆదివారం వకుళ వాళ్ళింట్లోనే మాట్లాడింది. నేను వెళ్ళలేదు. వీర్రాజు విశాఖ వార్డెన్‌కు ఫోన్ చేసి, పాపకు అమ్మ చేతులు సరిగ్గా కనిపిస్తున్నాయా అని అడిగి, కనిపిస్తున్నాయని చెప్పించుకున్నాక ఫిర్యాదు మూశాడు. అలా చెయ్యమని నేను చెప్పలేదు.

రెండేళ్ళ తర్వాత నాకు అక్కడినుంచి బదిలీ అయింది. ఇప్పుడు ఆ రాగి తీగలు చాలావరకు తీసేశారు. లంకల్లో కూడా సెల్‌ఫోనులోనే ముఖాలు చూసుకుంటున్నారు. ఈ పని నేర్చుకునేవాళ్ళకు ఆ పాత పరీక్షలు అక్కర్లేదు. అక్కరకు వచ్చేది ఒకటుందని అనుకుంటాను.

మా మీటర్లూ మా నివేదికలూ అన్నీ ఇంటికి ఏం చేరుతోందో చెప్పేవి. ఇంటినుంచి బయలుదేరినది అవతల ఎలా చేరుతోందో వాటిలో ఉండదు. అది అవతలి మనిషిని అడిగితేనే తెలుస్తుంది. నేను పదవీ విరమణ చేసేదాకా నా పరిధిలో, పంపడంలో ఇబ్బంది అని వచ్చిన ఏ ఫిర్యాదునూ అందుకునేవారిని అడగకుండా మూయనివ్వలేదు. లైన్‌మెన్‌కు అది అదనపు పని. కొందరు విసుక్కున్నారు. అడిగిన ప్రతిసారీ కొత్త లోపమేదీ బయటపడలేదు కూడా. కాని అడగకుండా లైను బాగుందని రాసే అధికారం మాకు లేదని నాకు ఆ ఏడాది తెలిసింది.